సాంచాలు ఆగిన రోజుల్లో

మా ఇంట్లో మెల్లగా మాట్లాడటం ఎవరికీ రాదు. అమ్మ మమ్మల్ని అన్నానికి పిలిస్తే వీధి చివరి వాళ్ళు కూడా చేతులు కడుక్కునేవాళ్ళు. తప్పు మాది కాదు. సిరిసిల్లలో మేం పుట్టిన ఇంట్లో ముందుగది నిండా సాంచాలే. సాంచాలంటే మరమగ్గాలు. పొద్దున మొదలైతే కరెంటు పోయేదాకా ఆ చప్పుడు ఆగదు. ఉప్పు అందుకోమనాలన్నా, కడుపునొప్పి అని చెప్పాలన్నా ఆ చప్పుడు మీదుగా అరవాల్సిందే. అరిచి అరిచి విసుగొస్తే గొంతు మానేసి ఊరికే పెదవులు కదిపేవాళ్ళం. ఎదుటివాళ్ళు పెదవులు చూసి జవాబిచ్చేవాళ్ళు. బడిలో చేరేదాకా లోకమంతా ఇలాగే మాట్లాడుకుంటుందని నా నమ్మకం.

ఆ గొంతు వేసుకుని నేను ఉద్యోగం కోసం సూరత్‌లో దిగాను. చేతిలో డిగ్రీ, కంప్యూటర్లో లెక్కలు రాసే కోర్సు చేసిన సర్టిఫికెట్, రెండు మంచి చుడీదార్లు. అక్క పెళ్ళయి అప్పటికే చాలా ఏళ్ళుగా అక్కడే లింబాయత్ పేటలో ఉంటోంది. బావ ఒక కార్ఖానాలో సాంచాలు నడుపుతాడు. అక్క అదే కార్ఖానాలో గోడవారన కూర్చుని కండెలు చుడుతుంది, అంటే సాంచాలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే గొట్టాలకు దారం చుట్టే పని. వాళ్ళ గది ఆ కార్ఖానా వెనక సందులోనే. రైలు దిగి ఆ సందులోకి అడుగుపెట్టగానే అదే చప్పుడు. ఊరు మారిందని కాళ్ళకు తెలిసింది గానీ చెవులకు తెలియలేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తర్వాత మొదలైంది తిరుగుడు. కాళ్ళరిగేలా తిరిగాను అంటే తక్కువే. కామ్‌రేజ్‌లో ఒక గోదాములో లెక్కలు రాసే మనిషి కావాలంటే రెండు ఆటోలు మారి వెళ్ళాను. గుజరాతీ రాయడం వచ్చా అన్నారు. రాదన్నాను. నీళ్ళిచ్చి పంపించారు. హజీరాలోని పెద్ద కంపెనీల్లో ఎవరో పిలుస్తామన్నారు, ఇప్పటికీ పిలవలేదు. పొద్దుటి మసకలో ఆ కంపెనీల బస్సులు రోడ్డు మీద వరసగా పోతుంటే, అద్దాల వెనక మెడలో కార్డులు వేసుకుని కునుకు తీసే మనుషులు కనిపించేవాళ్ళు. వాళ్ళను చూస్తూ నిలబడితే నాకూ నిద్ర వచ్చినట్టుండేది. ఆ నిద్రలో నేనూ ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉండేదాన్ని. ఎవరో హారన్ కొడితే మళ్ళీ రోడ్డు మీద, దుమ్ములో, చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరుతో ఉండేదాన్ని.

ఒక చోట ఫోన్‌లోనే ఇంటర్వ్యూ పెట్టారు. సగంలో ఆవిడ ఆగి, మీరు నా మీద ఎందుకు కోపంగా ఉన్నారు అని అడిగింది. కోపం లేదండీ, ఇది నా మామూలు గొంతే అన్నాను. అదింకా గట్టిగా అన్నట్టున్నాను, ఫోన్ పెట్టేసింది. ఒళ్ళు మండిపోయింది. అప్పుడు మాత్రం నిజంగానే కోపం వచ్చింది.

దీపావళికి కొద్దిగా ముందు రింగ్ రోడ్ బట్టల మార్కెట్లో ఒక చీరల దుకాణం నుంచి కబురొచ్చింది. మన వైపు నుంచి సరుకు కొనే దుకాణదారులకు ఫోన్‌లో చీరలు చూపించి తెలుగులో మాట్లాడే అమ్మాయి కావాలట. ఇంకేం కావాలి, నా కోసమే పుట్టిన పని అనుకున్నాను. ఆ మార్కెట్లో లిఫ్టు కోసం నిలబడే ఓపిక లేక మెట్లెక్కాను. ఒక్కో అంతస్తులో ఒక్కో రంగు. ఎక్కడ చూసినా మూటలు, మూటల మధ్య మనుషులు, మనుషుల నెత్తిన మళ్ళీ మూటలు. కొత్త బట్ట వాసనకు తల తిరిగింది. దుకాణం మా వంటింటి కంటే కొంచెం పెద్దది. తెల్లటి పరుపు మీద సేఠ్ బాలీసుకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన ఇద్దరమ్మాయిలు, ఒకరు తమిళంలో, ఒకరు కన్నడంలో, ఫోన్లకు చీరలు చూపిస్తూ గుసగుసగా మాట్లాడుతున్నారు.

సేఠ్ హిందీలో ఊరూ పేరూ అడిగాడు. చెప్పాను. ఆ ఇద్దరమ్మాయిలూ ఉలిక్కిపడి ఫోన్లు గుండెకు అదుముకున్నారు. సేఠ్ మూతి తుడుచుకుని, నా మూతికేమైనా అంటిందా అమ్మాయీ, అదే పనిగా చూస్తున్నావు అన్నాడు. నేను మనుషుల కళ్ళు కాదు, పెదవులు చూస్తానని నాకు ఆ రోజే తెలిసింది. ఆయన మంచివాడే, నవ్వుతూనే అన్నాడు.

“నీ ఎదురుగానే కూర్చున్నాను కదా బేటా. ఇక్కడ ఎవరికీ చెవుడు లేదు.”

ముఖం కందిపోయింది. లేచి వచ్చేయబోతుంటే ఆయన కోడలు ఆపింది. పని తెలిసిన పిల్లలాగే ఉన్నావు, భాష కూడా బాగుంది, కానీ ఇంత చిన్న దుకాణంలో ఒకేసారి ముగ్గురు మాట్లాడాలి, నువ్వు ఇలా అరిస్తే పక్కవాళ్ళ బేరాలు పోతాయి అంది. దీపావళికి మూసి, ఆ తర్వాత ఐదో రోజున వచ్చే లాభ్ పాంచమ్ నాడు ముహూర్తం చూసి మళ్ళీ తెరుస్తారట. ఆ రోజు వచ్చి గిరాకీతో మాట్లాడి చూపించు, మెల్లగా మాట్లాడగలిగితే పని నీదే అంది.

ఇంటికొచ్చి చెప్తే బావ పళ్ళెం ముందు కూర్చుని ఇంకో దారి చెప్పాడు. కార్ఖానాలో కండెలు చుట్టే ఒకామె పండక్కి ఊరెళ్ళి ఇక రానని చెప్పిందట. లాభ్ పాంచమ్ నాడు సాంచాలు మళ్ళీ మొదలైనప్పుడు ఆ చోట్లో నన్ను పెట్టమని మాలిక్‌ని అడిగాడట. వేరే పని దొరికేదాకా చేయనియ్యి, ఖాళీగా కూర్చుంటే మనసు ఖరాబవుతుంది అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. కానీ అక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

“ఆ కార్ఖానకు నేనొక్కదాన్ని చాలనా? ఇది అండ్ల అడుగు పెట్టిందంటె నేను మళ్ళ పొయ్యి ముట్టియ్య.”

ఎందుకంత పట్టుదల అని నేనడగలేదు. చదువుకున్న పిల్ల కండెలు చుట్టడమేంటన్న నామోషీ అనుకున్నాను. బావ మాత్రం సర్లే, ఆ రోజు దుకాణంల దొరక్కపోతె చూద్దాం అన్నాడు. అంటే రెండు చోట్లా ఒకే రోజు ముహూర్తం. ఒక చోట గొంతు తగ్గించుకుంటే చీరలు, తగ్గించుకోలేకపోతే కండెలు.

దీపావళి అయిన తెల్లారి నాకు మెలకువ వచ్చింది, కానీ ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు. పడుకునే విన్నాను. ఏమీ లేదు. సాంచాలు ఆగిపోయాయి. ఆ వీధే కాదు, చుట్టుపక్కల వీధులన్నీ ఆగిపోయాయి. నల్లా నుంచి బకెట్లో పడే చుక్క, రేకు మీద పావురం గోళ్ళు, పక్కింట్లో ఎవరో ఆవులించడం, అన్నీ విడివిడిగా వినిపిస్తున్నాయి. ఇంకా కలలోనే ఉన్నానేమోనని కాలు గోడకు ఆనించి చూసుకున్నాను. రోజూ సన్నగా వణికే గోడ ఊరుకుంది.

అక్క ముందే చెప్పింది, సూరత్ మొత్తం కొన్నాళ్ళు బంద్ ఉంటుందని. నేను వింటేనా. మా ఊళ్ళో దీపావళి తెల్లారి కిరాణా కొట్టు తెరుస్తారు, ఇంత పెద్ద వ్యాపారాల ఊరు ఊరికే పడుకుంటుందా, సగమైనా తెరిచి ఉంటారు, ఇంకో నాలుగు దుకాణాలు అడిగి వస్తానని ఫోల్డరు పట్టుకుని బయల్దేరాను. అక్క నా వైపు జాలిగా చూసి, పోయిరా, నడిస్తె కాళ్ళకు మంచిది అంది.

రింగ్ రోడ్‌ని అలా ఎవరూ చూసి ఉండరు. మామూలు రోజుల్లో ఒక కాలు పెట్టి రెండో కాలికి చోటు వెతుక్కునే ఆ రోడ్డు మీద ఒక కుక్క నడిమధ్యన పడుకుని ఎండ కాచుకుంటోంది. మార్కెట్లు ఎంత ఎత్తుంటే అంత ఎత్తు దాకా మూసిన షట్టర్లు. ప్రతి షట్టరుకీ బంతిపూల తోరణం, కింద ముగ్గు, ముగ్గులో చెదరని పసుపూ కుంకుమా. ఇందరు మనుషులు ఇన్ని తలుపులు అలంకరించి, మూసి, ఎక్కడికో వెళ్ళిపోయారు. ఫ్లైఓవర్ నీడలో నా చెప్పుల చప్పుడు నాకే తిరిగి వచ్చింది. ఎక్కడినుంచో తెగిన గులాబీ రంగు చీర అంచు గాలికి లేచి, కాస్త దూరం నాతో పాటు నడిచి, ఒక మెట్టు మీద కూర్చుంది. ఉద్యోగం మాట మరిచిపోయాను. ఎంతసేపు నడిచానో తెలియదు. నాకు పని లేదని చెప్పేవాళ్ళు కూడా లేని ఊరు అది. అన్నాళ్ళ తిరుగుడులో మొదటిసారి నా భుజాల మీది బరువు దిగింది.

ఆ దుకాణం ఉన్న మార్కెట్ మెట్ల మీద కూర్చున్నాను. చుట్టూ ఎవరూ లేరు కదా అని ఎదుటి షట్టరుతో మాట్లాడాను. నమస్తే అండీ, కొత్త డిజైన్లు వచ్చాయి, చూస్తారా అన్నాను. ఆ మాట మెట్లన్నీ ఎక్కి మూడంతస్తులు తిరిగి వచ్చింది. లోపలినుంచి కాపలాదారు కళ్ళు నులుముకుంటూ వచ్చి, లాభ్ పాంచమ్ దాకా ఎవరూ కొనరమ్మా అని నవ్వి, వాళ్ళ కొత్త సంవత్సరం కదా, సాల్ ముబారక్ అని ఒక మిఠాయి ముక్క చేతిలో పెట్టాడు. నా గొంతు ఎంత పెద్దదో అప్పుడు నా చెవులతో నేను విన్నాను. సాంచాల మధ్య అది అందరి గొంతులాంటిదే. ఆ ఖాళీ మార్కెట్లో మాత్రం తిట్టినట్టే ఉంది. ఫోన్ పెట్టేసినావిడ మీద కోపం అక్కడే దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం నుంచి అక్కను గిరాకీని చేసి కూర్చోబెట్టాను. మొదట నేను మంచం మీద, తను పొయ్యి దగ్గర. అట్ల కాదు, వెల్తురుకు రా అని తను తలుపు దగ్గరికి మారి, నన్ను ఎండ ముఖాన పడేట్టు ఎదురుగా కూర్చోబెట్టింది. అక్క ట్రంకు పెట్టెలోని పాత చీరలన్నీ మా సరుకు. పెళ్ళిచీర, బతుకమ్మకు పెట్టిన చీర, అమ్మ కట్టి ఇచ్చిన చీర. ఒక్కొక్కటీ విప్పి అంచు చూపించి, కొంగు చూపించి, అక్కా అనడానికి బదులు మేడమ్ అంటూ అమ్మేదాన్ని. అక్క మహా గడుసు గిరాకీ. రంగు పోతదా అనేది, గిదేం కొంగు, జర మంచిది చూపియ్యి అనేది, ఎదుటి షాపుల సగానికిస్తున్నరు అనేది. ఇద్దరం నవ్వీ నవ్వీ చీరల మీద దొర్లేవాళ్ళం.

గొంతు తగ్గించడం మాత్రం తల ప్రాణం తోకకు తెచ్చింది. తగ్గించాననుకునేదాన్ని, అక్క వేలు ఎత్తేది.

“నీ మెడ మీద నరం లేస్తుంది. ఇంక తగ్గియ్యి.”

అదేం కొలత అక్కా అంటే, నాకదే తెలుస్తది అనేది. మళ్ళీ తగ్గించేదాన్ని. మళ్ళీ వేలు. ఒక్కోసారి లేచి వచ్చి అరచేయి నా మెడ కింద పెట్టి, ఊ, ఇప్పుడు చెప్పు అనేది. ఆ అరచేతికి దారం ఒరుసుకుని గట్టిపడిన గీతలుండేవి. వాటి కింద నా మాట మెల్లమెల్లగా చిన్నదైంది. ఒక మధ్యాహ్నం చీర మడతపెడుతూ ఏదో అన్నాను, ఆ మాట బయటికి వచ్చిందో లేదో నాకే తెలియనంత మెల్లగా. అక్క నా ముఖం వైపు చూసి, గిదీ, గిట్ల మాట్లాడు అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత సంతోషం డిగ్రీ పాసైనప్పుడు కూడా లేదు.

ఆ సెలవు రోజులు ఇప్పటికీ నాకు ఒకే పొడవైన మధ్యాహ్నంలా గుర్తున్నాయి. బావ మంచం మీద కాళ్ళు చాపుకుని నిద్రపోతూ ఉండేవాడు. తలుపులోంచి వచ్చిన ఎండ చీరల మీద పాకుతూ గోడెక్కేది. పెళ్ళిచీర ఎరుపు గది కప్పు మీద పడేది. మేం ఆ ఎరుపు కింద కూర్చుని లేని సరుకుకు లేని ధరలు చెప్పుకునేవాళ్ళం. ఎంత సప్పుడు లేదో చూడక్కా, పావురం రెక్క కూడా వినిపిస్తుంది అన్నానొకసారి. అక్క మసక నవ్వు నవ్వింది.

“నా చెవులల్ల ఇంక సాంచాలు నడుస్తనే ఉన్నయ్.”

అలవాటు అలాంటిది అనుకున్నాను. నాకూ కలలో సాంచాలు వినిపించేవి మరి.

లాభ్ పాంచమ్ పొద్దున సాంచాలకు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి నడిపారు. గోడ మళ్ళీ వణికింది. బయల్దేరుతుంటే అక్క ఆ చప్పుడులో నోరు తెరవకుండా తన మెడ మీద వేలితో రాసి చూపించింది. నరం జాగ్రత్త అని.

దుకాణం గడపకు పసుపు, కుంకుమ, లోపల అగరొత్తుల పొగ. కోడలు ఫోన్‌ని స్టాండుకు తగిలించి ఒక నంబరు కలిపింది. తెర మీద నిజామాబాద్ వైపు ఒక దుకాణదారు, కళ్ళద్దాలు పైకి తోసుకుంటూ. నా పక్కన తమిళం, అటుపక్క కన్నడం. ఎదుట అక్క ఉందనుకున్నాను. మెడ మీద ఆ అరచేయి ఉందనుకున్నాను. నమస్తే అండీ అన్నాను. పక్కమ్మాయి ఉలిక్కిపడలేదు. ఆయన రంగు పోతుందా అన్నాడు, జర మంచివి చూపించమన్నాడు, ఎదుటి షాపులో తక్కువకిస్తున్నారన్నాడు. నవ్వు ఆపుకోలేక చచ్చాను. అన్నిటికీ జవాబులు అక్కతో చెప్పినవే. ఆయన సరుకు పంపమని చెప్పి ఫోన్ పెట్టేశాడు. సేఠ్ బాలీసు మీద నుంచి లేవకుండానే రేపట్నుంచి రా బేటా అన్నాడు. కోడలు నా నోట్లో దూద్‌పేడా పెట్టింది.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. సందులోకి తిరిగేసరికి చప్పుడు లేదు. ముహూర్తానికి కాసేపు నడిపి మళ్ళీ ఆపేశారట, ఊళ్ళకు పోయినవాళ్ళు ఇంకా రాలేదు కదా. గది తలుపు తీసే ఉంది. అక్క నా వైపు వీపు పెట్టి కింద కూర్చుని రొట్టెలు ఒత్తుతోంది. పొయ్యి ఇంకా వెలిగించలేదు. అంత నిశ్శబ్దంలో పిండి మీద కర్ర దొర్లడం వినిపిస్తోంది.

గుమ్మంలో నిలబడి, నేర్చుకున్న ఆ కొత్త గొంతుతో చెప్పాను.

“అక్కా, ఉద్యోగమొచ్చింది.”

కర్ర ఆగలేదు. ఆట పట్టిస్తోందనుకున్నాను. మళ్ళీ చెప్పాను. ఒక రొట్టె పక్కన పెట్టి ఇంకో ముద్ద తీసుకుంది. ఒక అడుగు లోపలికి వేసి మూడోసారి చెప్పాను. రేకు మీద పావురం లేచిపోయింది. అక్క మెడ తిప్పలేదు.

అప్పుడు ఒక్కొక్కటే వచ్చి నా ముందు నిలబడ్డాయి. వెలుతురుకు రా అనడం. ఎప్పుడూ ఎదురుగానే కూర్చోవడం. మెడ మీద నరం. అరచేయి. మెల్లగా మాట్లాడటం నాకు నేర్పిన మనిషికి ఆ మాటల్లో ఒక్కటీ వినిపించలేదు. ఆ కార్ఖానాలో నన్ను అడుగు పెట్టనియ్యనని ఎందుకందో కూడా అప్పుడే తెలిసింది.

చుట్టూ తిరిగి తన ఎదుటికి వెళ్ళి కూర్చున్నాను. తను తలెత్తింది. చిన్నప్పుడు సాంచాల మధ్య చెప్పుకున్నట్టు, గొంతు లేకుండా పెదవులతో చెప్పాను. వచ్చింది.

అక్క ముఖం వెలిగిపోయింది. అమ్మ గొంతుతో ఎంత గట్టిగా అరిచిందంటే పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు. పిండి చేతులతోనే నా ముఖం పట్టుకుంది. తర్వాత నా కళ్ళు చూసింది. చూసి, తెలిసిపోయిందని తనకూ తెలిసింది. ఎప్పటినుంచి అక్కా అని అడిగాను. చానా రోజులాయె, బావకు చెప్పకు, గాబర పడతడు అంది. అని మాట మార్చేసింది.

“మెల్లగనే చెప్పినవా ఆడ?”

తల ఊపాను. తను కొంగుతో చేయి తుడుచుకుని, అరచేయి నా మెడ కింద పెట్టింది.

“ఏదీ, గదే గొంతుతోని నాకోసారి చెప్పు.”

ఉద్యోగమొచ్చిందక్కా అన్నాను. అక్క కళ్ళు మూసుకుని వింది.